పానా ధర, పూచీ విలువ



విజయవాడ ఆటోనగరులో ఒక పనిముట్ల అంగడికి పోయి, పద్నాలుగు–పదిహేను రింగు పానా కావలెనని అడిగినచో, అంగడివాడు మూడింటిని తీసి బల్లమీద పెట్టును. మూడును ఒకే పొడవు, ఒకే ఆకారము, ఒకే తళుకు. ధరలు మాత్రము వేరు. మూడవదాని వెలతో మొదటి రకమువి నాలుగైదు కొనవచ్చును. తేడా ఏమని అడిగినచో, "కంపెనీ తేడా అండీ" అని ముక్తసరిగా జవాబు వచ్చును. ఆ తేడా ఏమిటో, పెట్టెపై అచ్చువేసెడు "జీవితకాల హామీ" అను మాటకు అర్థమేమిటో ఈ పూట విచారింతము.

ఈ విచారణకు మమ్ము పురికొల్పినది మా మోటారు సైకిలు. ఇంజను నూనె మార్చుట ఏమంత బ్రహ్మవిద్య అనుకొని, ఒక ఆదివారము నాడు, బాటప్రక్కన కొన్న పానాతో ఇంజను అడుగున నుండు పదిహేడు నంబరు బోల్టును పట్టి లాగినాము. బోల్టు కదలలేదు, పానా జారినది. రెండవసారి లాగునప్పటికి బోల్టు మూలలు అరిగి గుండ్రమైనవి. మూడవసారి చేయి పోయి చట్రమునకు తగిలి, వ్రేళ్ళ కణుపులపై చర్మము లేచిపోయినది. కూలి మిగిల్చుకొందమని బయలుదేరినవారము, కట్టు కట్టిన చేతితో బండిని నడిపించుకొనుచు షెడ్డునకు పోయినాము.

షెడ్డు యజమాని ఏబది ఏండ్లవాడు. బండిని చూడకముందే మా పానాను చూపుమన్నాడు. వెలుతురుకెత్తి పట్టి, "నోరు తెరుచుకుంది చూడండి సార్. ఇది పట్టుకోదు, కొరుకుతుంది" అన్నాడు. సగము శాస్త్రము ఆ మాటలోనే ఉన్నది.

బోల్టు తలకు ఆరు చదును ముఖములు, ఆరు మూలలు ఉండును. పానా నోరు బోల్టు తలకంటె వెంట్రుకవాసి మాత్రమే వెడల్పుగా ఉండవలెను. ఆ సందు ఎక్కువైన కొలది పానా ఒరిగి, చేతి బలమంతయు ముఖములమీద పడుటకు మారుగా మూలలమీద పడును. మూల యనగా లోహము పలుచనైన చోటు, అది నలిగిపోవును. మంచి పానాలలో ఈ కొలత ఒక పానాకును మరియొక పానాకును మారదు. చౌక రకములో ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా వచ్చును. ఖరీదైన రింగు పానాల లోపలి అంచులు సూటిగా కాక కొద్దిగా గుండ్రబడి, బోల్టు మూలను తాకక దాని ప్రక్కనున్న చదును ముఖమును నొక్కునట్లు తీర్చబడి ఉండును. అమెరికాలోని స్నాప్-ఆన్ కంపెనీ ఈ రూపమునకు పేటెంటు పొందినది. ఆ గడువు తీరి చాలాకాలమైనది కావున, నేడు చౌక పానాలలోను ఇదే రూపము కనిపించుచున్నది. రూపమును ఎవరైనను అనుకరింపవచ్చును. చిక్కంతయు ఉక్కుతోనే.

పానా పిడిపై "క్రోమ్ వెనేడియం" అని చెక్కియుండుట మీరు చూచియుందురు. క్రోమియము, వెనేడియము కొలదిగా కలిసిన ఉక్కు అని దాని భావము. వంద రూపాయల పానాపైనను అదే మాట, వేయి రూపాయల పానాపైనను అదే మాట. అబద్ధము కాకపోవచ్చును కూడ. ఒకే బియ్యముతో ఇద్దరు వండిన అన్నము ఒక్కటిగా ఉండదు గదా! ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచినచో గట్టిపడును. కాని గాజువలె పెళుసగును. కావున దానిని మరల తక్కువ వేడిలో కాచి, ఆ పెళుసుదనమును తీయవలెను. ఈ రెండవ కాపు తక్కువైనచో పానా పుటుక్కున విరుగును. మితిమీరినచో మెత్తబడి నోరు తెరచును. మా పానాకు పట్టిన గతి ఈ రెండవది. కొలిమి వేడిని సరిగా కనిపెట్టుటకు, ప్రతి వాయిలోను కొన్నింటిని తీసి గట్టిదనము పరీక్షించుటకు, కుదరనివానిని పారవేయుటకు అగు ఖర్చే మంచి పానా ధరలో పెద్ద భాగము. చౌక పానాలన్నియు చెడ్డవని మేము అనము. ఏది మంచిదో, ఏది కాదో దానిని విరుగలాగునంతవరకు తెలియకపోవుటయే వాని దోషము.

మెత్తబడిన పానా బోల్టును చెడగొట్టును. పెళుసు పానా మనిషిని చెడగొట్టును. ఒంటి బరువంతయు వేసి లాగుచున్నప్పుడు అది విరిగెనా, లాగువాడు తూలి పడును. ఆ షెడ్డులో పని నేర్చుకొను కుర్రవాని కనుబొమ పైన ఒక మచ్చ కలదు. ఎట్లు తగిలినదని అడిగినాము. వాడు నవ్వి ఊరకున్నాడు. యజమాని మాత్రము, "అప్పటి నుంచి చక్రాల దగ్గర నాసిరకం సాకెట్టు పెట్టనివ్వనండి" అన్నాడు.

తళుకు సంగతి రెండు మాటలలో ముగింతము. పైనున్న క్రోమియపు పూత తుప్పు పట్టకుండుటకే గాని బలమునకు కాదు. పూత పొరలుగా లేచినచో దాని అంచు క్షురకత్తివలె చేతిని కోయును. అట్టిదానిని వెంటనే పారవేయవలెను.

ఇక హామీ మాట. పనిముట్లకు జీవితకాల హామీ నిచ్చు ఆచారము ప్రబలినది అమెరికాలో. అక్కడ మెకానిక్కు తన పనిముట్లను తానే కొనుక్కొని కొలువులో చేరును. మన షెడ్డులలోవలె యజమాని పెట్టెలోనివి వాడుకొను వాడుక అంతగా లేదు. పందొమ్మిదేండ్ల కుర్రవాడు చేరిన మొదటి వారమే పానాలకు అప్పు పడును. ఈ అవసరమును కనిపెట్టినది పైన చెప్పిన స్నాప్-ఆన్ కంపెనీ. 1920లో మిల్వాకీ నగరమున అయిదు పిడులు, పది సాకెట్లతో వ్యాపారము మొదలుపెట్టినది. ఏ పిడికైనను ఏ సాకెట్టునైనను తగిలింపవచ్చును గనుక, ఆ పదిహేను ముక్కలు ఏబది పానాల పని చేయునన్నమాట. నేడు ఆ కంపెనీ వ్యాపారి పనిముట్లు నింపిన బండితో వారమువారము గ్యారేజి గుమ్మమునకు వచ్చును. విరిగిన పానా చూపినచో అక్కడికక్కడే క్రొత్తది ఇచ్చును. పాత బాకీ వాయిదా కూడ అప్పుడే వసూలు చేసికొనును. ఆ అధిక ధరలో ఉక్కు వెల కొంత, ఆ బండి రాకపోకల వెల కొంత. గంట గంటకును కూలి లెక్కయగు మెకానిక్కునకు రెండవ వెలయు దండుగ కాదు.

ఇంటిలో పని చేసికొనువారికొరకు వెలసినది మరియొక మార్గము. సియర్స్ అను పెద్ద అంగళ్ళ సంస్థ 1927లో క్రాఫ్ట్స్‌మన్ అను పేరును నమోదు చేయించి, నడితరపు ధరకు గట్టి పనిముట్లు అమ్మినది. విరిగిన పానాను ఏ ఊరి సియర్స్ అంగడికి తీసికొనిపోయినను, రసీదు అడుగక క్రొత్తది చేతిలో పెట్టెడివారు. తాత కొన్న పానా విరిగినచో మనుమడు పోయి మార్చుకొనెడివాడు. ఆ దేశమున ఇది కొన్ని తరములపాటు ఇంటింట నిలిచిన నమ్మకము. తరువాత సియర్స్ వ్యాపారము క్షీణించినది. 2017లో క్రాఫ్ట్స్‌మన్ పేరును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ కొన్నది. 2018 అక్టోబరులో సియర్స్ దివాలా రక్షణకై కోర్టుకెక్కినది. పేరు కొన్నవారు హామీని కొనసాగించిరి. మార్చు బాధ్యత వేరే అంగళ్ళకు పోయినది. కాని పూర్వము చేతిలోని పాత పానాకు బదులు ఆ పానాయే వచ్చెడిది. తరువాత దానికి సాటి అనుకొన్న మరియొకటి వచ్చుట మొదలైనది. హామీ బ్రతికియే ఉన్నది. అది ఏ వస్తువునకు ఇచ్చిన హామీయో ఆ వస్తువు లేదు.

ఇంతకును "జీవితకాలము" ఎవరిది? కొన్నవానిదా, పానాదా, కంపెనీదా? ఇది హాస్యప్రశ్న కాదు. 1985లో అమెరికా వాణిజ్య సంఘము తన మార్గదర్శక సూత్రములలో, ప్రకటనలో జీవితకాల హామీ అని వాడినవారు అది ఎవరి జీవితమో, దేని జీవితమో స్పష్టము చేయవలెనని చెప్పినది. కారుకు బిగించు పొగగొట్టమునకు హామీ యన్నచో, కారు నడచునన్నాళ్ళా, కారు మీ సొంతములో ఉన్నన్నాళ్ళా అను భేదమునకు అక్కడ ఉదాహరణలు కూడ కలవు. అంతకు పదేండ్లు ముందు, 1975లో వచ్చిన చట్టము, వ్రాసియిచ్చు హామీ సంపూర్ణమో, పరిమితమో పైననే చెప్పవలెనని విధించినది.

విచిత్రమేమనగా, నేడు అమెరికాలో అతి చౌకగా అమ్ము అంగళ్ళును అదే హామీ నిచ్చుచున్నవి. హార్బర్ ఫ్రైట్ అను అంగళ్ళలో సాధారణ చేతి పనిముట్లకు జీవితకాల హామీ కలదు. ఉక్కు అంత గొప్పదయ్యెనా? అట్లని కాదు. పానా తయారగు ఖర్చు బహు స్వల్పము. కొనుగోలుదారుతో వాదించుటకంటె క్రొత్తది ఇచ్చివేయుటయే లాభము. అనేకులు విరిగినదానిని తెచ్చుటకే బద్ధకింతురు. కనుక రెండు పెట్టెలపై ఒకే హామీ కనిపించినంతమాత్రమున రెండును ఒక్కటే అనుకొనరాదు. ఒకటి విరుగదను ధైర్యముతో ఇచ్చినది. రెండవది విరిగినను నష్టము లేదను లెక్కతో ఇచ్చినది.

మా యింటి కథకు వత్తము. చేయి మానిన పిదప బుద్ధి తెచ్చుకొని, మధ్య రకము ధరకు ఒక సాకెట్ల పెట్టె కొన్నాము. మూతపై జీవితకాల హామీ అని బంగారు అక్షరములు. నాలుగు నెలలకే రాట్చెట్టు పిడి రెండు వైపులను ఊరక తిరుగజొచ్చినది. అంగడికి పోయినాము. ఆ సరుకు తెచ్చు ఏజెన్సీ ఎత్తివేసినారనియు, మేమే కంపెనీకి వ్రాసుకొనవలెననియు అంగడివాడు చెప్పినాడు. పెట్టె నలుమూలలు వెదకినను చిరునామా కనిపించలేదు. చిన్న అక్షరములలో "తయారీ లోపములకు మాత్రమే" అని మాత్రము కనిపించినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మన నివాసమున్న జిల్లాలోనే కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. ఆ సంగతి ఎరుగుదుము. ఎనిమిది వందల రూపాయల వస్తువునకై ఎన్ని పూటలు సెలవు పెట్టవలెనో లెక్కించుకొని ఊరకుంటిమి. అట్లు ఊరకుండువారి సంఖ్యయే కొందరికి మూలధనము.

షెడ్డు యజమానిని, క్రొత్తగా షెడ్డు పెట్టుకొను కుర్రవాడు చేతిలోని సొమ్మును దేనికి వెచ్చింపవలెనని అడిగినాము. ఆయన తన పెట్టె తెరచి చూపినాడు. ఎనిమిది నుండి పదిహేడు వరకు రింగు పానాలు, సాకెట్లు మేలురకమువి; అవి నిత్యము చేతిలో ఉండునవి. ఇరువదినాలుగు మొదలు పెద్ద సైజులు నాసిరకమువే. నెలకొకసారి గాని పైకి రావు. సుత్తి సంతలోనిది. స్క్రూడ్రైవర్లలో నక్షత్రపు మొనవి మాత్రము మంచివి. మొన అరిగినచో స్క్రూ తల పాడగును. రాట్చెట్టును గూర్చి ఆయన మాట విచిత్రముగా తోచినది. లోపలి చక్రమునకు డెబ్బదిరెండు పండ్లున్నచో పిడి అయిదు డిగ్రీలు తిరిగిన చాలును, ముప్పదియారున్నచో పది డిగ్రీలు తిరుగవలెను. ఇరుకున మొదటిదే సుఖము. కాని పండ్లు ఎక్కువైన కొలది సన్నబడును. సన్నపు పంటికి మంచి ఉక్కు కావలెను. "తక్కువ ధరలో కొంటే మోటు పళ్ళదే కొనండి సార్" అన్నాడు. హామీ చూచి కొనెదరా అనగా, "కొట్టువాడి మొహం చూసి కొంటానండి. వాడు ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు" అన్నాడు. ఆ కొట్టువాని వద్ద విరిగిన సాకెట్టు ఇచ్చి మారు సాకెట్టు తెచ్చుకొనుట మేమును కన్నులార చూచినాము. కాగితము లేదు, ముద్ర లేదు. అయితే గొట్టము తొడిగి లాగిన పానాను, సుత్తితో మోదిన పానాను ఆయన తీసికొనడట. పిడి వంపు చూచి కనిపెట్టునట. టార్కు పానాకు ఏ కంపెనీయు జీవితకాలపు మాట ఇచ్చుట అరుదు. దాని కొలతను అప్పుడప్పుడు సరిచూపవలెను. అది వేరు లెక్క.

మా రాట్చెట్టును ఆయన చేతికే ఇచ్చినాము. రెండు మరలు విప్పి, లోపల విరిగియున్న స్ప్రింగును తీసి, ఒక పాత బాల్ పెన్నులోని స్ప్రింగును తుంచి ఆ చోట పెట్టి, కొంచెము గ్రీజు పూసి మూసినాడు. అది నేటికిని కటకటమని తిరుగుచున్నది. పదిహేడు నంబరు బోల్టు దగ్గర మాత్రము దానిని వాడరాదని ఆయన షరతు.