త్రోయ నుండి అస్సు వరకు



అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయమనగానే ఐతుకు కిటికీలోనుండి పడిన సంగతే మనకు జ్ఞాపకము వచ్చును. ఆ పిమ్మటి వచనమును దాటిపోవుదుము. తెల్లవారువరకు మాటలాడిన పౌలు, తోటివారిని ఓడ ఎక్కించి, తాను మాత్రము అస్సు వరకు కాలినడకను పోయెను. రోమా రాజమార్గమున 30 కిలోమీటర్లకు తక్కువ కాని దూరము!

సముద్రభయమని కొందరందురు, నేనొప్పుకొనను. మూడుసారులు ఓడ పగిలి శ్రమపడినవాడు అస్సులో మరల ఓడయే ఎక్కెను గదా. యెరూషలేములో బంధకములు కాచుకొనియున్నవని ఆయన పట్టణ పట్టణమున వినుచుండెను. అట్టి సంగతి ఓడలో పదిమంది నడుమ దేవునితో తేల్చుకొనునది కాదు. (మోటారుబండ్లు వచ్చిన తరువాత మన పాదిరులకు ఆ ఏకాంతము కరవైనది.)

కొద్ది దినములకు మిలేతులో ఎఫెసు సంఘపు పెద్దలు ఆయన మెడమీద పడి ఏడ్చిరి. ప్రయాణము ఆగలేదు.