బరాత్ గుర్రం కుంటుతోందా? గిట్ట పట్టుకుని చూడండి

2024 జనవరిలో చంచల్‌గూడ దగ్గర ఒక జొమాటో డెలివరీ బాయ్ పెట్రోల్ బంకులో క్యూ చూసి విసిగిపోయి, గుర్రమెక్కి ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన వీడియో గుర్తుందా? అందరం నవ్వుకున్నాం. నా కళ్లు మాత్రం దాని కాళ్ల కింద తారు రోడ్డు మీదే ఉన్నాయి.

మన హైటెక్ సిటీ వైపు గుర్రం కనిపించేది ఎక్కువగా పెళ్లి బరాత్‌లోనే. మొన్న కొండాపూర్‌లో మా ఫ్రెండ్ పెళ్లికి తెచ్చిన గుర్రం ముందరి కుడికాలు నేలకి ఆనించట్లేదు. "పొద్దున బాగానే ఉండె అన్నా" అన్నాడు దాన్ని పట్టుకున్న తమ్ముడు. అబద్ధం కాదు. ఇది అలాగే వస్తుంది, ఉన్నట్టుండి.

గిట్ట మన గోరు లాంటిదే. కంకర రాయి గట్టిగా తగిలితే దాని అడుగున లోపల కమిలిపోతుంది. గిట్ట పెరిగేది నెలకి సెంటీమీటరు లోపే, అందుకే ఆ ఎర్ర మచ్చ పైకి కనిపించడానికి వారాలు పడుతుంది. ఉత్త కమిలిన దెబ్బైతే మెత్తటి నేల మీద రెస్ట్ ఇస్తే చాలాసార్లు తగ్గిపోతుంది.

చీము పడితే కథ వేరు. రోడ్డు మీద మేకు, వానకి నానిన గిట్టలో పగులు, వంకరగా కొట్టిన లాడం మేకు, ఏదో ఒక దారిలో బ్యాక్టీరియా లోపలికి పోతుంది. మనకి సెగ్గడ్డ లేస్తే చర్మం ఉబ్బుతుంది. గిట్ట ఉబ్బదు కదా! లోపల ప్రెషర్ పెరుగుతూనే ఉంటుంది. అందుకే కాలు విరిగిందేమో అన్నంతగా కుంటుతుంది. గిట్ట పట్టుకుంటే వేడిగా ఉంటుంది, దానిపైన కాలి వెనక నాడి టకటకా కొట్టుకుంటుంది. రెండో కాలితో పోల్చి చూడండి, తేడా తెలిసిపోతుంది.

వెటర్నరీ డాక్టర్ వచ్చి పట్టకారు లాంటి దాంతో గిట్టంతా నొక్కుతూ, గుర్రం కాలు లాక్కున్న చోట చిన్న రంధ్రం చేస్తారు. నల్లటి చీము, భరించలేని కంపు! కానీ చాలా గుర్రాలు కాసేపటికే తేరుకుంటాయి. రంధ్రం మాత్రం చిన్నదే ఉండాలి. పెద్దగా తవ్వితే లోపలి మెత్తటి భాగం బయటికొచ్చి ఎంతకీ మానదు. కాబట్టి మీరు కత్తి పట్టుకోవద్దు. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేసి నానబెట్టి, తుడిచి కట్టు కట్టాలి. కట్టుకి ఏం వాడతారో తెలుసా? పసిపిల్లల డైపర్, పైన డక్ట్ టేప్! జోక్ కాదు, చాలా దేశాల్లో ఇదే పద్ధతి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి తప్పక అడగండి, గుర్రాలకి ధనుర్వాతం ముప్పు చాలా ఎక్కువ.

ఇంకోటి. మేకు గిట్టలోనే ఉంటే పీకేయకండి. ఎటు దిగిందో, ఎంత లోతుకి దిగిందో ఎక్స్‌రేలో కనిపించాలంటే అది అక్కడే ఉండాలి. అది ఇంకా లోపలికి దిగకుండా గుర్రాన్ని నడిపించకండి, డాక్టర్‌ని అక్కడికే పిలవండి.

పెయిన్‌కిల్లర్ వేసి ఆ ఒక్క రాత్రి లాగించేద్దాం అన్నాడొక పెద్దమనిషి. నొప్పి తెలియకపోతే గుర్రం ఆ కాలి మీదే బరువంతా వేస్తుంది. చీము ఎటూ పోలేక పైకి పాకి, గిట్టా చర్మం కలిసే చోట పగులుతుంది. ఎముక దాకా పోయిందంటే ఇక మామూలుగా నడవడమే కష్టం. ఆ తమ్ముడి భయం వేరే: కిరాయి పోతే దానికి దాణా ఎట్లా?

కిరాయి మొత్తం ఇచ్చేశాం. పెళ్లికొడుకు డీజే వెనకాల నడిచే వచ్చాడు. గుర్రాన్ని డీసీఎం వ్యాన్ ఎక్కించి పంపాం. మూడో రోజు తమ్ముడు వీడియో కాల్ చేసి చూపించాడు, గిట్టకి డైపర్, పైన బొమ్మలు కూడా ఉన్నాయి!