దినానికొక కథ

 

ఒక పాఠశాల వజ్రోత్సవ వేదికపై సైనికుని ప్రస్తావన ఎందుకన్న సందేహం కొందరికి కలుగవచ్చు. దానికి సమాధానం ఈ నగరంలోనే ఉన్నది. తాంబరం వైపు సాగే ఎలక్ట్రిక్ రైలులో గిండీ దాటగానే కనిపించే పరంగిమలై ఇక్కడివారందరికీ సుపరిచితమే. ఆ కొండ చెంతనే సైనికాధికారుల శిక్షణాలయం ఉన్నది. 1962లో హిమాలయ సీమలలో చైనాతో జరిగిన యుద్ధంలో చలికి తగిన దుస్తులు లేక, ఎత్తైన ప్రదేశాల గాలికి అలవాటుపడే వ్యవధి లేక మన జవానులు అనుభవించిన కష్టం దేశానికి కనువిప్పు కలిగించింది. ఆ యుద్ధానంతరం, 1963లో, అధికారుల కొరతను తీర్చడానికి ఏర్పడినదే ఈ శిక్షణాలయం. 1992 నుండి యువతులు కూడా అక్కడ శిక్షణ పొందుతున్నారు.

1994లో, ఈ నగరాన్ని ఇంకా మద్రాసు అనే పిలుస్తున్న రోజులలో, ఆ శిక్షణాలయం నుండి పట్టా పుచ్చుకొని రాజపుతానా రైఫిల్స్ రెండవ పటాలంలో చేరిన యువకుడు పద్మపాణి ఆచార్య. ఒడియా కుటుంబానికి చెందినవాడు, హైదరాబాదు నివాసి, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేసినవారు. మాతృభాష ఒకటి, నివాసం తెలుగునేల, శిక్షణ తమిళనాట, కొలువు రాజస్థాన్ పేరు గల పటాలంలో, ప్రాణం అర్పించినది కాశ్మీరపు కొండలలో. పరభాషా ప్రాంతంలో ఉంటూ సొంత భాషను కాపాడుకొంటున్న చెన్నపట్నపు తెలుగువారికి ఈ జీవితం దూరమైనది కాదు.

1999 వేసవిలో కార్గిల్ ప్రాంతపు శిఖరాలను పాకిస్తాన్ సైన్యం రహస్యంగా ఆక్రమించింది. శ్రీనగర్ నుండి లేహ్‌కు పోయే రహదారి ఆ శిఖరాల నుండి ఫిరంగులకు అందుతుంది. కాబట్టి వాటిని తిరిగి పట్టుకొనక తప్పలేదు. ద్రాస్ ఎదుట తోలోలింగ్ పర్వతశ్రేణి సుమారు 15,000 నుండి 16,000 అడుగుల ఎత్తున నిలిచి ఉన్నది. మెరీనా తీరాన పీల్చే గాలిలోని ప్రాణవాయువులో సగానికి కొంచెం పైగా మాత్రమే అక్కడ దొరుకుతుంది. ఆ ఎత్తుకు పోయే సైనికుడు 9,000 అడుగుల వద్ద ఆరు దినాలు, 12,000 వద్ద నాలుగు దినాలు, 15,000 వద్ద మరి నాలుగు దినాలు ఆగి శరీరాన్ని అలవాటు చేసుకోవాలన్నది సైన్యపు నియమం. జూన్ మాసంలో సైతం రాత్రివేళ నీరు గడ్డకడుతుంది. చెట్టు లేదు, చాటు లేదు. పైన బంకరులో కూర్చున్నవానికి క్రింద ప్రాకే ప్రతి మనిషీ కనబడతాడు.

జూన్ 13న రెండవ రాజపుతానా రైఫిల్స్ తోలోలింగ్‌ను గెలుచుకొన్నది. తరువాతి లక్ష్యం దానికి చేరువలోని నోల్ అనే గుట్ట. జూన్ 28 రాత్రి దాడికి నిశ్చయమయింది. ఆనాడు జ్యేష్ఠ పూర్ణిమ. తెలుగు రైతు అరక కట్టి తొలిచాలు దున్నే ఏరువాక పున్నమి. పొలంలో పండుగ తెచ్చే ఆ వెన్నెలే కొండపై శత్రువుకు దీపమయింది. ఫిరంగిగుండ్లు ముందు నడుస్తున్న దళంపైనే పడ్డాయి. అనేకులు నేలకొరిగారు. దాడి ఆగిపోవలసిన ఆ క్షణాన కంపెనీ నాయకుడైన మేజర్ ఆచార్య వెనుక ఉంచిన దళాన్ని తానే వెంటబెట్టుకొని నిటారైన బండల మీదుగా ముందుకు సాగాడు. ప్రాకుతూ పోయి శత్రుస్థావరంలోకి గ్రెనేడ్లు విసిరాడు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో, తనను వదలి ముందుకు పొమ్మని తనవారిని ఆజ్ఞాపించి, తాను తుపాకి కాలుస్తూనే ఉన్నాడు. స్థావరం చేజిక్కింది. ఆ తరువాతనే ఆయన కన్నుమూశాడు. పుట్టినరోజు గడచి అప్పటికి ఒక వారమే అయింది.

అదే రాత్రి అదే పటాలానికి చెందిన నాగాలాండ్ వీరుడు కెప్టెన్ కెంగురుసే, కాలికి పట్టు చిక్కడం కోసం ఆ చలిలో బూట్లు విప్పి, కొండగోడ ఎక్కి పోరాడి అమరుడయ్యాడు. ఇరువురికీ మరణానంతరం మహావీరచక్ర లభించింది. ఆ యుద్ధంలో మన దేశం కోల్పోయినది 527 మందిని.

2003లో వచ్చిన ‘ఎల్.ఓ.సి. కార్గిల్’ చిత్రంలో అక్కినేని నాగార్జున మేజర్ ఆచార్య పాత్ర ధరించడం చాలమందికి జ్ఞాపకం ఉండవచ్చు. అయితే పాఠశాలకు కావలసిన పాఠం యుద్ధరాత్రి కంటె తొమ్మిది దినాల ముందే వ్రాయబడింది. జూన్ 19న మేజర్ ఆచార్య తండ్రికి ఉత్తరం వ్రాశాడు. ప్రాణనష్టం సైనికవృత్తిలో తప్పనిదనీ, దాని గురించి కలత చెందవద్దనీ ధైర్యం చెప్పాడు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. ఆమెకు దినానికొక మహాభారత కథ చెప్పవలసిందిగా, ఆ విధంగా పుట్టబోయే బిడ్డకు సద్గుణాలు అలవడాలని తండ్రిని కోరాడు. కొన్ని మాసాలకు కుమార్తె జన్మించింది. తండ్రి ముఖం ఆమె చూడలేదు.

ఫిరంగుల మధ్య కూర్చున్న మనిషి ఇంటినుండి కోరినది ఒక్క కథ. ఆ కోరికలో ఒక సత్యం ఇమిడి ఉన్నది. తనను వదలి ముందుకు పొమ్మనగలిగిన మనస్సు ఒక్క రాత్రిలో తయారు కాదు. అది ఒడిలో, అరుగు మీద, తరగతి గదిలో, దినదినమూ కొద్దికొద్దిగా తయారవుతుంది. అభిమన్యుడు తల్లి గర్భంలో విన్నది సగం కథ. అతడు వ్యూహం చొచ్చాడు గాని వెలికి రాలేకపోయాడు. బిడ్డలకు సగం కథ చెప్పి ఊరుకొనే పెద్దలకు అదొక హెచ్చరిక. వీరగాథను చెప్పేటప్పుడు విజయాన్ని మాత్రమే చెప్పి, తిరిగి రాని తండ్రిని గురించీ, ఎదురుచూచిన ఇంటిని గురించీ చెప్పకపోతే అదీ సగం కథే అవుతుంది. యుద్ధం వినోదం కాదని పిల్లలకు తెలియాలి. శాంతి ఎవరి ప్రాణం ఖరీదుగా లభించిందో కూడా తెలియాలి.

డెబ్బైయైదేండ్లుగా ఈ గదులలో తెలుగులో కథలు వినిపించాయి. ఇంట్లో తెలుగు తగ్గి, వీధిలో వినిపించక, బడిలో మాత్రమే మిగిలే కాలం దాపురించకూడదు. తల్లిదండ్రులకు ఒక్క విన్నపం: ఈ రాత్రి దీపం ఆర్పే ముందు బిడ్డకు ఒక కథ, పూర్తిగా, తెలుగులో చెప్పండి. రేపు మరొకటి. ఒక సైనికుడు తన తండ్రిని కోరినది అంతే.

జై హింద్.