పాలు పితికే చేతికి నిద్ర కావాలి



మేత, దాణా, టీకాల సంగతి ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఈ పూట మన నిద్ర సంగతి మాట్లాడుకుందాం. నవ్వకండి, ఇదీ పాడి విషయమే.

మన ప్రాంతంలో రాత్రంతా పడుకోలేనివారు ఎందరో. మదనపల్లె మార్కెట్‌కు టమాటా ముమ్మరంగా వచ్చే రోజుల్లో హమాలీలకు, లారీ డ్రైవర్లకు రాత్రీ పగలూ ఒకటే. పుంగనూరు వైపు పట్టుపురుగులు పెంచే ఇంట్లో నాలుగో జ్వరం దాటాక వారం రోజులు కునుకుండదు. పురుగు మొత్తం తినే ఆకులో నూటికి 80 వంతులకు పైగా అప్పుడే తింటుంది మరి. కుప్పంలో తెల్లవారకముందే బెంగళూరు రైలుకు పరుగెత్తేవారున్నారు. వీరిలో ఎందరి ఇళ్ళలోనో ఒకటో రెండో ఆవులూ ఉంటాయి.

పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులంటారు. 17 గంటలు మెలకువగా ఉన్నవారి చేతి పనితనం, నెత్తురులో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవారి స్థాయికి దిగిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపారు. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 30 మాత్రమే. ఉదయం 4కు లేచిన ఇల్లాలు రాత్రి 9కి అంట్లు తోముతోందంటే ఆ 17 గంటలూ నిండినట్టే.

నిద్రమత్తులో పితికేవారు తొలి ధారలు గిన్నెలో పట్టి చూడరు. పొదుగువాపు ముదిరాక గాని బయటపడదు. కడపటి పాలు పొదుగులోనే మిగిలిపోతాయి. ఇక చాప్‌కట్టర్ దగ్గరకు ఆ కళ్ళతో అసలే పోవద్దు. మేత పగలే నరికి పెట్టుకోండి.

ఆవుకు కావలసింది వేళ తప్పకపోవడం. ఆ వేళ నాలుగు గంటలే కానక్కరలేదు. ఓ మోస్తరుగా పాలిచ్చే ఆవుకు రెండు పూటల నడుమ ఒక పక్క 10, ఇంకో పక్క 14 గంటలున్నా పాలు పెద్దగా తగ్గవు. వ్యాను 7కి వచ్చే ఊళ్ళో 5కే క్యాన్లతో వరుసలో నిలబడటమెందుకు? పాలు ఆగేకొద్దీ సూక్ష్మజీవులూ పెరుగుతాయి. కేంద్రం తెరిచే వేళను వ్యాను వేళకు దగ్గరగా జరపాలని మేము సంఘాలను కోరుతున్నాం.

ఇంట్లోనూ పూటకొకరు పితకండి. కొత్త చేతికి ఆవు లొంగదంటారు. కొన్నాళ్ళు దాణా పెట్టి పక్కన నిలబడితే అదే లొంగుతుంది. మేము తిరిగిన ఊళ్ళలో అలవాటు పడనిది ఆవు కాదు లెండి, ఇంటి యజమాని!

ఈ వేళల విషయం మీ సంఘం వచ్చే సమావేశపు ఎజెండాలో చేర్చండి. ఆ సమావేశం మాత్రం పాలు పితికే ఆడవారు రాగల వేళకు పెట్టండి.