శీతకాలంలో గ్రంథాలయం – మన కర్తవ్యం

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా పుదుచ్చేరిలో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సవరణ, పెన్షను, ఖాళీల భర్తీ – ఈ మూడింటిని గురించి తప్ప యూనియను నాయకుడు మరొకటి మాట్లాడడని లోకంలో ఒక అభిప్రాయమున్నది. ఈ సాయంకాలం నేను గ్రంథాలయాన్ని గురించి మాట్లాడబోతున్నాను. ఆ మూడింటికి ఇది దూరమైన విషయమని మీరు భావించవద్దు. పని గంటల కోసం కార్మికవర్గం జరిపిన పోరాటానికి గ్రంథాలయం కొనసాగింపు అని మీ ముందుంచడమే నా ప్రయత్నం.

మన తెలుగు జిల్లాలనుండి బదిలీపై వచ్చినవారికి శీతకాలమంటే మంచు, చలిమంటలు, సంక్రాంతి ముగ్గులు. పుదుచ్చేరిలో శీతకాలం వానతో ఆరంభమౌతుంది. ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరులో ప్రవేశించి డిసెంబరు దాకా నిలిచి ఉంటాయి. ఈ పట్టణపు సంవత్సర వర్షపాతంలో అధికభాగం ఆ మూడు నెలలలోనే కురుస్తుంది. 2011 డిసెంబరు 30న థానే తుపాను ఈ తీరాన్ని ఎంతగా ధ్వంసం చేసిందో చూసినవారు మీలో ఉన్నారు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపాన తీరం దాటినప్పుడు ఒక్క దినంలో 45 సెంటీమీటర్లకు మించిన వర్షం పడింది. విల్లుపురం దగ్గర వంతెన క్రింద నీరు ప్రమాదస్థాయికి చేరగా రైళ్లు నిలిపివేయవలసి వచ్చింది.

అట్టి దినాలలో మన మనుషులు ఎక్కడ ఉంటారు? ట్రాక్‌మెన్ చేతిలో దీపంతో, తలపై గొంగళితో రాత్రంతా పట్టాల వెంట గస్తీ తిరుగుతూ ఉంటారు. ఆర్.ఎమ్.ఎస్. సార్టర్లు ఆలస్యమైన సంచుల కోసం తెల్లవారుజాము దాకా కాచుకొని ఉంటారు. పోస్టుమన్ తాను తడిసినా ఉత్తరం తడవకుండా మోకాటిలోతు నీటిలో నడుస్తాడు. పని ముగించుకొని ఇల్లు చేరితే, ఉన్నది ఒక గదీ, ఒక వంటిల్లూ. దండెం నిండా ఆరని బట్టలు, ఒక మూల పిల్లల చదువు, మరొక మూల వృద్ధుల దగ్గు. కూర్చుని పత్రిక చదువుకొనడానికి జాగా ఉండదు, వెలుతురూ ఉండదు.

కాబట్టి శీతకాలంలో గ్రంథాలయం చేసే మొట్టమొదటి సేవ పుస్తకం ఇవ్వడం కంటె ముందుగా మరొకటి ఉన్నది. కారని కప్పు, ఒక దీపం, ఒక కుర్చీ, నిశ్శబ్దం – ఈ నాలుగింటిని రుసుము లేకుండా, కులం అడగకుండా, పదవి అడగకుండా ఇవ్వగల స్థలం పట్టణంలో గ్రంథాలయం తప్ప మరొకటి లేదు. హోటలులో కూర్చుంటే కాఫీ త్రాగవలె. స్టేషనులో కూర్చుంటే టిక్కెట్టు ఉండవలె. గ్రంథాలయంలో కూర్చోడానికి మనిషై ఉంటే చాలును.

ఈ పట్టణానికి అట్టి స్థలం లేకపోలేదు. రంగపిళ్లై వీధిలోని రోమా రోలా గ్రంథాలయం 1827లో ఫ్రెంచి పాలకులు స్థాపించినది. అనగా విల్లుపురం నుండి ఈ పట్టణానికి రైలు వచ్చిన 1879వ సంవత్సరానికి అర్ధశతాబ్దం ముందే ఇక్కడ ప్రజా గ్రంథాలయం ఉన్నది. తమిళం, ఫ్రెంచి, ఇంగ్లీషు గ్రంథాలు లక్షల సంఖ్యలో అందులో చేరినవి. 1966లో, ఫ్రెంచి రచయిత రోమా రోలా శతజయంతి సంవత్సరాన, ఆయన పేరు దానికి పెట్టబడింది.

ఎవరీ రోమా రోలా? 1915 సంవత్సరపు నోబెల్ సాహిత్య బహుమతి గ్రహీత. గాంధీ, రామకృష్ణ పరమహంస, వివేకానందుల జీవితచరిత్రలు వ్రాసి యూరపుకు భారతదేశాన్ని పరిచయం చేసిన మహనీయుడు. మన దేశంలో ఒక్కనాడూ అడుగుపెట్టలేదు. 1931 డిసెంబరులో గాంధీజీయే స్విట్జర్లాండులో ఆయన ఇంటికి వెళ్లి కలుసుకొన్నారు. తపాలా సోదరులు ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకొనవలసిన సంగతి మరొకటి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన 1914లో ఆయన జినీవాలో రెడ్‌క్రాసువారి యుద్ధఖైదీల సంస్థలో స్వచ్ఛందంగా చేరి, నెలల తరబడి ఉత్తరాలమధ్య పనిచేశారు. నా కొడుకు బ్రతికి ఉన్నాడా, నా భర్త ఏ శిబిరంలో ఉన్నాడు అని అడుగుతూ రోజుకు వేలకొలది ఉత్తరాలు వచ్చేవి. వాటిని చదివి, ఆచూకీ తీసి, బదులు పంపడమే అక్కడి పని. ఉత్తరం వెనుక ఒక మనిషి కనిపెట్టుకొని ఉన్నాడని తెలిసిన రచయిత పేరు ఆ భవనానికి ఉన్నది. ఆ మెట్లు ఎక్కడానికి పోస్టుమన్‌కు సంకోచం ఎందుకు?

ఇక పని గంటల మాటకు వస్తాను. పుదుచ్చేరి అనగానే పైవారికి సముద్రతీరం, ఫ్రెంచి భవనాలు గుర్తుకు వస్తాయి. మనకు గుర్తు రావలసినది 1936 జూలై 30. ఆనాడు నూలుమిల్లు కార్మికులు సమ్మెలో ఉండగా సవానా మిల్లు వద్ద ఫ్రెంచి వలస ప్రభుత్వ సైనికులు కాల్పులు జరిపారు. పన్నెండుగురు కార్మికులు నేలకొరిగారు. వారి రక్తం వృథా కాలేదు. మరుసటి సంవత్సరం, 1937లో, ఫ్రెంచి ఇండియా కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం చట్టబద్ధమైంది. ఆసియాలో ఇదే మొదటిదని ఈ ప్రాంత కార్మికోద్యమం సగర్వంగా చెప్పుకొంటున్నది. ఆ ఉద్యమ నాయకుడు కామ్రేడ్ వి. సుబ్బయ్య 1934లోనే ‘సుతంతిరం’ అనే తమిళ పత్రికను నెలకొల్పారన్నది గమనార్హం. ముందు పత్రిక, తరువాత సంఘం, ఆపైన సమ్మె. చదువును వెనుకకు నెట్టి ఏ పోరాటమూ ముందుకు సాగలేదు.

ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, ఎనిమిది గంటలు మన సొంతానికి – ఇది ప్రపంచ కార్మికవర్గపు పాత నినాదం. మొదటి రెండింటిని గురించి మనం చర్చలు జరిపాము, ఒప్పందాలు చేసుకొన్నాము. మూడవ ఎనిమిది గంటలు ఏమౌతున్నవని ఎన్నడైనా లెక్కించామా? ఆ గంటలు చేతిలోని తెరపై బొమ్మలు చూడడానికే వ్యయమైతే, సవానా మిల్లు ముందు పడిపోయినవారికి మనం ఏమని సమాధానం చెప్పగలము?

అయితే దోషమంతా చదువరిపై మోపడం న్యాయం కాదు. గ్రంథాలయం కార్యాలయపు వేళలనే పాటిస్తే కార్యాలయంలో పనిచేసేవాడు అక్కడికి ఎప్పుడు పోగలడు? నేను ఉద్యోగంలో చేరిన క్రొత్తలో ఉన్న ఒక చిన్న పట్టణంలో పఠనమందిరం తలుపు తెరిచే వేళా, నా డ్యూటీ ఆరంభమయ్యే వేళా ఒకటే. మూసే వేళా అంతే. రెండు సంవత్సరాలు ఆ తాళాన్ని మాత్రమే చూశాను. అక్కడ పుస్తకాలకు కొరత లేదు, భవనం ఉన్నది, సిబ్బందీ ఉన్నారు. లేనిదల్లా మాకు అందివచ్చే గంట ఒక్కటే. రైల్వేలో రోస్టరు డ్యూటీలు, గేట్‌మెన్‌కు పన్నెండు గంటల డ్యూటీ, రన్నింగ్ స్టాఫ్‌కు ఏ వేళకు పిలుపు వస్తుందో తెలియని బ్రతుకు. వీరికి అందుబాటులో లేని గ్రంథాలయం ప్రజా గ్రంథాలయమనిపించుకొనదు. గ్రంథాలయ వేళలు కూడా పని గంటల సమస్యలో భాగమే.

గ్రంథాలయం మనిషి దగ్గరకు పోవలెనన్న ఆలోచన క్రొత్తది కాదు. 1931లో మన్నార్‌గుడి ప్రాంతంలో ఎద్దుబండిపై పుస్తకాలు పల్లెలకు పోయినవి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపి, రేవు రేవునా రైతుకూలీకి పుస్తకం అందించారు. ఎద్దుబండికీ, పడవకూ సాధ్యమైనది ఈనాటి మోటారు వాహనానికి అసాధ్యమా? వానకారులో రైల్వే కాలనీకి, తపాలా క్వార్టర్లకు వారానికి ఒక్కసారి పుస్తకాల వ్యాను రావలెనని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

మనం తెలుగువారము. ఈ వారోత్సవం మన పూర్వులు తెచ్చిన వారసత్వం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత ప్రజా గ్రంథాలయ మహాసభ సమావేశమైంది. ఆ తేదీని పురస్కరించుకొనియే 1968 నుండి నవంబరు 14 మొదలు 20 వరకు దేశమంతటా వారోత్సవం జరుగుతున్నది. పుదుచ్చేరికీ తెలుగుకూ ఉన్న బంధం కూడ పాతదే. ఏ వీధిలో ఈ గ్రంథాలయం ఉన్నదో ఆ వీధి పేరుగల ఆనందరంగపిళ్లై, డూప్లే దొరవద్ద దుబాసీగా ఉన్నవాడు, తెలుగు కవులను పోషించాడు. కస్తూరి రంగకవి తన ‘ఆనందరంగరాట్ఛందము’ను ఆయనకే అంకితమిచ్చాడు. దాదాపు 800 కిలోమీటర్ల దూరాన గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం ఈనాటికీ ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడి ప్రజల భాష తెలుగు. కనుక ఈ పట్టణపు కేంద్ర గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు పెరగాలని అడగడానికి మనకు సంకోచం అక్కరలేదు. కాని అడిగేముందు ఉన్న పుస్తకాలను మనం ఎన్నిమార్లు తీసుకొన్నామో కూడా చూసుకొనవలెను. ఎవరూ తాకని అరకు క్రొత్త పుస్తకాలు ఏ అధికారీ కొనడు.

శీతకాలపు కార్యక్రమానికి తేదీలు వెదకవలసిన పని లేదు. నవంబరు 1, 1954లో పుదుచ్చేరి పాలన భారతదేశం చేతికి వచ్చిన దినం. నవంబరు 14 నుండి వారోత్సవం. డిసెంబరు 11, ఈ పట్టణంలో 1908 నుండి 1918 వరకు ప్రవాసమున్న మహాకవి సుబ్రహ్మణ్య భారతి జయంతి. జనవరిలో సంక్రాంతి. జనవరి 29 రోమా రోలా జయంతి. ఈ మూడు నెలలలో పిల్లలకు కథా పఠనం, స్త్రీలకు మధ్యాహ్నపు పఠన వేళ, పోటీ పరీక్షలు వ్రాసే మన యువకులకు రాత్రి తొమ్మిది దాకా దీపం, పదవీవిరమణ చేసినవారికి ఉదయపు పత్రికల బల్ల – వీటిని ఏర్పాటు చేయడానికి పెద్ద నిధులు అవసరం లేదు. మనుషులు కావలెను. ఆ మనుషులు మన సంఘంలో ఉన్నారు.

పుస్తకానికి తేమ శత్రువు. వానకారులో అట్టలు బూజుపడతాయి, చెద పడుతుంది. అరలను గోడకు ఆనించకుండా జరపడం, క్రింది వరుస పుస్తకాలను నీరు చేరక మునుపే పైకెత్తడం, ఎండ వచ్చిన రోజున కిటికీలు తెరిచి గాలి తగలనివ్వడం – ఇవన్నీ చేతుల పని. తుపాను హెచ్చరిక వచ్చిన దినాన డ్యూటీలో లేని పదిమంది సభ్యులు గ్రంథాలయ సిబ్బందికి తోడుగా నిలబడితే, మనకు హక్కు అడిగే అర్హత ద్విగుణమౌతుంది. ఆ సిబ్బంది కూడా ఉద్యోగులే అన్నది మరువరాదు. వేళలు పెంచమని అడిగేటప్పుడు, ఉన్నవారిచేతనే మరి నాలుగు గంటలు పనిచేయించమని మన కోరిక కాదు. అదనపు వేళకు అదనపు నియామకం కావలెను. మన గంటల కోసం మరొక ఉద్యోగి గంటలను బలిపెట్టడం యూనియను పద్ధతి కాదు.

తపాలా సోదరులకు మరొక మాట. పుస్తకం దూరప్రాంతానికి చౌకగా చేరడంలో మన శాఖకు ఘనమైన చరిత్ర ఉన్నది. 2024 డిసెంబరులో రిజిస్టర్డు బుక్ పోస్టు సౌకర్యం రద్దు కాగా చిన్న ప్రచురణకర్తలూ, పాఠకులూ ఎంతో ఇబ్బంది పడ్డారు. 2025 మే 1న ‘జ్ఞాన్ పోస్ట్’ ఆరంభమైంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం అని అప్పుడు నిర్ణయించారు. చదువుకు సంబంధించిన పుస్తకాలకు ఇది వర్తిస్తుంది. కౌంటరు వద్ద కూర్చున్న మన సభ్యుడే ఈ వసతిని ప్రజలకు తెలియజెప్పకపోతే వాడుక లేదన్న నెపంతో రేపు దీనినీ తొలగించవచ్చును.

కావున ఈ సభ ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి: అక్టోబరు నుండి జనవరి వరకు పఠనమందిరం రాత్రి తొమ్మిది గంటల దాకా, అదనపు సిబ్బందితో, తెరిచి ఉంచాలని ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వాలి. రెండు: కాలనీలకు వారానికి ఒకమారు పుస్తకాల వ్యాను కోరాలి. మూడు: రైల్వే స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ నుండి రన్నింగ్ రూములకు, విశ్రాంతి గదులకు తెలుగు, తమిళ పుస్తకాలు కొనిపించాలి. నాలుగు: ప్రతి శాఖనుండి ఇరువురు సభ్యులు గ్రంథాలయ బాధ్యులుగా పేరు నమోదు చేసుకొనాలి. మొదటి మూడు ఇతరులు నెరవేర్చవలసినవి, నాలుగవది మనం నెరవేర్చవలసినది. అది రేపు ఉదయమే ఆరంభం కాగలదు.

సోదర సోదరీమణులారా, ఈ సభ నుండి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక నిర్ణయం చేసుకొని వెళ్లండి. ఈ వారంలోగా గ్రంథాలయ సభ్యత్వం తీసుకొనండి. ఇంట్లో చదువుకొనే పిల్లవాడినో, పిల్లనో వెంటబెట్టుకొని పొండి. మూడవ ఎనిమిది గంటలు మనకు ఎవరూ దానంగా ఇచ్చినవి కావు. ప్రాణాలిచ్చి సంపాదించిన ఆస్తిని అనుభవించకుండా పాడుబెట్టే అధికారం వారసులకు లేదు.

సెలవు. కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!