ఇంటి కంప్యూటరునకు రెండు దారులు
(ఉపన్యాస పాఠము)

నేడు గ్రంథములు, దరఖాస్తులు, పరీక్షా ఫలితములు ఇంటి కంప్యూటరులోనికే వచ్చుచున్నవి. అవి వచ్చు దారులు రెండు. మొదటిది ఈథర్‌నెట్ తీగ. 1973లో అమెరికాయందలి జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్‌లు దీనికి రూపకల్పన చేసిరి. రెండవది వైఫై. దీని తొలి ప్రమాణము 1997లో వెలువడినది.

తీగ సొంత పంటకాలువ వంటిది. 100 మీటర్ల వరకు నిలకడగా పనిచేయును. వైఫై ఊరుమ్మడి చెరువు వంటిది. ఇంటిల్లిపాదియు ఒకే తరంగములను పంచుకొనవలెను. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగము గలదే కాని, గోడలు దాటుటలో 2.4 గిగాహెర్ట్జ్ కంటె బలహీనము. రెండు సంబంధములును ఉన్నచో కంప్యూటరు సాధారణముగా తీగనే ఎన్నుకొనును.

పని నిలిచినపుడు తొందరపడక, తీగ తగిలించి చూడవలెను. అపుడు పని సాగినచో లోపము వైఫైది. అప్పటికిని సాగనిచో లోపము తరచుగా రౌటరునందో, వెలుపలి లైనునందో ఉండును. ఏలయన రెండు దారులును రౌటరు వద్దనే కలియును.

కావున దరఖాస్తు గడువునాడు విద్యార్థి తీగను నమ్ముకొనుట మేలు. ఒక్క క్షణము సంబంధము తెగినను ఒక సంవత్సరము చదువు చేజారవచ్చును. గ్రంథాలయమునకు తాళము వేయునంతటి జాగ్రత్త వైఫై సంకేతపదము విషయమునను వలయును.