బోల్టు విరిగితే తప్పు ఎవరిది?
(గేటు మీటింగులో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఒక మిల్లులో ఫిట్టరు శనివారం సాయంత్రం మోటారుకు కొత్త బోల్టులు బిగించి ఇంటికి పోయాడు. సోమవారం పొద్దున ఖాతా తెరిచేసరికి ఒక బోల్టు తల ఊడి కింద పడి ఉంది. యంత్రం అప్పటికింకా తిరగనే లేదు. అయినా “ఎక్కువ బిగించావు” అని చార్జిషీటు ఇచ్చారు. విరిగిన ముక్కలు తుక్కులో పోయాయి గనుక మన వాదన నిలవలేదు.

బోల్టు తలపై 8.8, 10.9, 12.9 అంకెలు ఉంటాయి. అంకె పెరిగితే బలమూ గట్టిదనమూ పెరుగుతాయి. తుప్పు పట్టకుండా జింకు ప్లేటింగ్ చేసేటప్పుడు ముందు యాసిడ్‌లో కడుగుతారు, తర్వాత తొట్టిలో కరెంటు పెడతారు. రెండు చోట్లా హైడ్రోజన్ పుట్టి ఉక్కులోకి దూరుతుంది. మెత్తని ఉక్కు దాన్ని ఓర్చుకుంటుంది. 12.9 లాంటి గట్టి ఉక్కు ఓర్చుకోలేదు. బిగించాక లాగుడు ఎక్కువగా ఉండే తల కింద, మరల అడుగున హైడ్రోజన్ చేరి ఉక్కును పెళుసు చేస్తుంది. గంటలకో రోజులకో బోల్టు ఫట్టున తెగుతుంది.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ బే వంతెన కొత్త భాగంలో 2013 మార్చిలో జింకు పూత ఉన్న 96 పెద్ద కడ్డీలను జాకీలతో లెక్క ప్రకారమే బిగించారు. కొద్ది రోజుల్లోనే 32 విరిగాయి. అవి ఏళ్ల తరబడి నీళ్లు నిలిచిన రంధ్రాల్లో ఉన్నాయి. తుప్పు వల్ల కూడా హైడ్రోజన్ పుడుతుంది.

విరిగిన ముక్కను చూడండి. అతిగా బిగిస్తే బోల్టు సాగి నడుము సన్నబడుతుంది. వదులై ఊగి విరిగితే విరిగిన చోట అలల్లాంటి చారలు కనిపిస్తాయి. హైడ్రోజన్ వల్ల విరిగితే సాగదు, పంచదార పలుకుల్లా మెరుస్తుంది. ఆఖరి మాట లాబరేటరీదే. కాబట్టి రెండు ముక్కలూ పొడి గుడ్డలో చుట్టి దాచండి. బిగించిన వేళ, విరిగిన వేళ రాసిపెట్టండి.

మన కోర్కెలు ఇవి. 12.9 బోల్టులు ప్లేటింగ్ లేని నల్లవే కొనాలి. ప్లేటింగ్ తప్పదంటే, వేసిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచినట్టు సర్టిఫికెట్టు తేవాలి. ఒకటి విరిగితే అదే పెట్టెలోవన్నీ మార్చేదాకా యంత్రం ఆపాలి. పరీక్ష జరగకుండా ఏ కార్మికుడికీ శిక్ష వేయరాదు.

తల ఊడింది బోల్టుకు. తల వంచాల్సింది మనం కాదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!